లైన్‌మన్ కట్టిన ముడి

నవంబరు రెండో వారంలో ఒక రోజు, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆ సైనిక పోస్టుకు చేరాను. లదాఖ్‌లో ఒక గుట్ట భుజం మీద ఉంటుంది. ఎత్తు పదిహేడు వేల ఎనిమిది వందల అడుగులు. బంకరు తలుపు పక్కన మేకుకు వేలాడుతున్న థర్మామీటరు మైనస్ పద్నాలుగు చూపిస్తోంది. ఎండ బాగానే కాస్తోంది. గాలి పడమటి నుంచి. కింది క్యాంపు నుంచి పైకి నాలుగు గంటల పది నిమిషాల నడక. దారిలో మూడుసార్లు ఆగాను. నా వీపు మీద పంతొమ్మిది కిలోల బరువు. అందులో ఎనిమిది కిలోలు వైర్‌లెస్ సెట్టుదీ దాని బ్యాటరీలదీ.

ఊళ్లో ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు. ఎన్నిసార్లు కాల్చినవ్? ఒక్కసారి కూడా లేదు. అక్కడ తొంభై రెండు రోజులున్నాను. నా పని సెట్టు పలికేలా చూడడం. బ్యాటరీలను ఒంటి వేడికి కాపాడడం, ఏరియల్ మీద మంచు దులపడం, పొద్దున ఆరున్నరకు, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం ఆరింటికి కింది క్యాంపుతో మాట్లాడడం. సెట్టు మీద వాళ్ల పేరు రెండు, మా పేరు ఐదు. నల్లగొండలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాను. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో ఏడాది అప్రెంటిస్‌గా చేశాను. తెలంగాణ వచ్చిన రెండేళ్లకు ఫౌజులో చేరాను. ఏ పని చేసినా ముందు జాబితా రాసుకోవడం ఆ కంట్రోల్ రూములో అలవాటైంది. అది నన్ను విడిచిపెట్టలేదు.

పోస్టులో పదకొండు మందిమి. సుబేదార్ సాబ్ పెద్ద. వంటవాడు ఒకరు. గన్నర్లు, సెంట్రీలు కలిపి ఏడుగురు. వైర్‌లెస్ ఆపరేటర్‌ని నేను. పదకొండోవాడు లైన్‌మన్. మా నుంచి కింది క్యాంపుకూ, పై గట్టు మీది కాపలా చోటుకూ టెలిఫోన్ తీగ ఉండేది. తీగ మంచు బరువుకు తెగుతుంది, రాళ్లు పడి తెగుతుంది. తెగిన చోటు వెతికి అతికించడం ఆయన పని.

చేరిన రోజు బంకరులో బూట్లు విప్పుతుంటే మూలనుంచి గొంతు వచ్చింది.

"ఏ ఊరు తమ్మి?"

మూడు నెలలుగా హిందీ తప్ప వినని చెవులు. తల తిప్పేసరికి నవ్వుతున్నాడు.

"కట్టంగూర్ అన్నా."

"అరే! కట్టంగూరా! మీ పత్తి చేండ్లల్ల మా మంద పండుకోని పండుకోని మీ నేలకు బలమొచ్చింది. నేను గిట్ల ఫౌజుకొస్తి. లేకుంటే నీ చేన్లనే గొంగడి పర్సుకోని ఉందును."

ఆయనది కల్వకుర్తి పక్క పల్లె. గొర్రెల ఇల్లు. పంటలు కోశాక వాళ్ల నాయిన మందతో నల్లగొండ దిక్కు నడిచి వస్తాడు. పత్తి ఏరిన చేలలో ఎరువు కోసం రైతులు మందను నిలుపుకుంటారు. నా చిన్నప్పుడు మా చేనులో ఆగిన మంద వాళ్లదేనేమో. లెక్క వేసి చూశాం, తేలలేదు.

ఆయన ఏది కట్టినా ఒకే ముడి. తీగ చుట్ట, గుడారం తాడు, కిరోసిన్ డబ్బా మూత, చివరికి వంటవాడి ఉల్లిగడ్డ సంచి. రెండు చుట్లు, తాడు మడిచి దోపిన ఒక కుచ్చు, జానెడు కొస. కుచ్చు ఎప్పుడూ కుడివైపే పడుతుంది. కొస పట్టి ఒక్క గుంజు గుంజితే మొత్తం విడిపోతుంది. చూడనక్కర్లేదు. చేతికి తొడుగులున్నా విప్పొచ్చు.

"మావోళ్లు గాడిద మీద సామాను గిట్లనే కడ్తరు," అన్నాడు. "ఎడమ సంకల గొర్రెపిల్ల ఉంటది. కుడి చెయ్యి ఒక్కటే ఖాళీ. ఒక్క చేత్తోని ఇప్పాలె. అందుకే కుచ్చు కుడిదిక్కు."

నేను నోటుబుక్కులో బొమ్మ గీసుకున్నాను. బాణం గుర్తులు పెట్టాను. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. అయినా రాలేదు. నేను కడితే బిగుసుకునేది, లేకపోతే జారిపోయేది.

"గట్ల గాదుర బై. కాయితం మీద చూస్తవేంది? చేతులు చూడు."

"చేతులు తొందరగా పోతున్నయి అన్నా. మెల్లగ కట్టు."

"మెల్లగ కట్టుడు నాకు రాదు. చేతులే కడ్తయి. నేను కట్టను."

జనవరి మొదట్లో ఆయనకు సెలవు మంజూరైంది. ఇరవై ఎనిమిది రోజులు. ఇరవై రోజులు మందతోనే ఉంటానన్నాడు. నాయిన మోకాళ్లు అరిగాయని, ఈసారి తను నడుస్తానని. కింది క్యాంపు నుంచి వాహనాల వరస పది రోజులకోసారి బయలుదేరుతుంది. అది తప్పితే మళ్లీ పది రోజులు.

బయలుదేరే ముందు రోజు పై గట్టు మీద తీగ తెగింది. వద్దన్నా ఆయనే వెళ్లాడు. అక్కడి ఎత్తు పద్దెనిమిది వేల ఐదు వందలు. సాయంత్రం నాలుగుకు తిరిగొచ్చాడు. అన్నం సగం వదిలేశాడు. సెలవు మీద వెళ్లేవాళ్ల సామాను జాబితా ఒకటి సుబేదార్ సాబ్‌కు ఇవ్వాలి. లైన్‌మన్ ఒక్కో వస్తువు చెబుతుంటే నేను రాశాను. పద్నాలుగు వస్తువులు. మధ్యలో ఆగి నుదురు నొక్కుకున్నాడు.

"జర తల బరువుంది తమ్మి. ఎవ్వరికి చెప్పకు."

"చెప్పాలె అన్నా."

"చెప్తే మూడు దినాలు పండవెడ్తరు. బండ్లు పోతయి. నాయిన అక్కడ ఒక్కడు నడుస్తాండు. పండుకుంటే తగ్గుతది."

"సరే. పొద్దుగాల లైన్ మీద నడిపిస్త. సక్కగ నడిస్తేనే పంపుత."

"నడిపియ్యి. సర్కసోళ్ల లెక్క నడుస్త."

లైన్ నడక అంటే ఇది. బంకరు నేల మీద పది అడుగుల తాడు తిన్నగా పరుస్తాం. ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ దాని మీద నడవాలి. ఎత్తులో మెదడులో నీరు చేరితే ముందు నడక తప్పుతుంది. తాగినవాడిలా పక్కకు తూలుతాడు. తరువాత చేతులు పట్టు తప్పుతాయి. అప్పుడే కనిపెట్టి కిందికి మోసుకెళితే బతుకుతాడు. పై గట్టుకు వెళ్లి వచ్చినవాళ్లు, కిందికి బయలుదేరేవాళ్లు తప్పకుండా నడవాలి. ఒక్కొక్కరికి తోడుగా పెట్టిన జోడీ అది చూడాలి. చూసినవాడు రిజిస్టర్‌లో టిక్కు పెట్టాలి. టిక్కులు నేను ఆరున్నరకు కింది క్యాంపులో ఉండే నర్సింగ్ అసిస్టెంట్‌కు చదివి చెప్పాలి. లైన్‌మన్‌కు జోడీని నేనే.

ఆ పొద్దున మైనస్ ఇరవై ఆరు. రెండు బ్యాటరీలు చచ్చిపోయాయి. మూడోదాన్ని చొక్కాలో పెట్టుకుని వేడి చేస్తున్నాను. ఆరు ఇరవై ఎనిమిది అయింది. కిందికి వెళ్లే ముగ్గురు బయట బూట్లకు ముళ్ల పట్టీలు బిగిస్తున్నారు. లైన్‌మన్ కిరోసిన్ జెర్రీక్యాన్ మీద కూర్చుని పిట్టూ కడుతున్నాడు. వీపు సంచిని మేం పిట్టూ అంటాం. తాడు ఒక కొస పళ్ల మధ్య పట్టుకుని ఉన్నాడు.

"నడిచినవా అన్నా?" అన్నాను, సెట్టు మీంచి తల ఎత్తకుండానే. జవాబు లేకపోతే తల తిప్పాను. నోట్లో తాడు ఉంది కదా, తల ఊపాడు.

టిక్కు పెట్టాను.

"రెండు, రెండు, ఇది ఐదు. అందరూ బాగున్నారు. లైన్ నడక సరి. నలుగురు దిగుతున్నారు. ఓవర్."

"ఐదు, ఇది రెండు. అందింది. అవుట్."

ఎనిమిది యాభైకి లైన్‌మన్ దారిలో కూలబడ్డాడు. ముగ్గురూ మోసుకుని దిగారు. మబ్బు కమ్మి హెలికాప్టర్ రాలేదు. మధ్యాహ్నం మూడు నలభైకి కింది క్యాంపులో పోయాడు. ఆ కబురు సెట్టులో నాకే వచ్చింది. నేనే రాసుకుని సుబేదార్ సాబ్‌కు ఇచ్చాను.

విచారణ జరిగింది. రిజిస్టర్ తెప్పించుకుని చూశారు. టిక్కు ఉంది. నన్నెవరూ ఏమీ అడగలేదు.

ఫిబ్రవరిలో మా వంతు ముగిసి దిగాం. కింది క్యాంపు సామాను గదిలో ఆ పిట్టూ ఉంది. మర్నాడు హెలికాప్టర్ ఆయన్ని తీసుకెళ్లేటప్పుడు బరువు ఎక్కువవుతుందని సంచిని వదిలేశారట. పోయినవాళ్ల సామాను నియమం ప్రకారం విప్పాలి, లెక్క చూడాలి, మళ్లీ కట్టి ఇంటికి పంపాలి. సుబేదార్ సాబ్ కాగితం పట్టుకుని కూర్చున్నాడు.

"విప్పు బేటా."

నేను ముడి వైపు చూశాను. ఆకుపచ్చ నైలాన్ తాడు. ఆయన చేతులు చేసిన ఆఖరి పని అది.

"సాబ్, సర్కారు సామాను ముందే అప్పజెప్పాడు. లోపలున్నవి ఆయన సొంతవి. జాబితా ముందు రాత్రి నేనే రాశాను. ఇదిగో. దీన్ని ఇట్లాగే వాళ్ల నాయినకు ఇస్తాను."

"ఎందుకు?"

"నేను విప్పితే మళ్లీ అట్లా కట్టలేను సాబ్."

ఆయన అది మొత్తం చదివాడు. తరువాత జాబితా కింద సంతకం పెట్టాడు. "దారిలో ఎవడైనా విప్పితే? విమానంలో సామాను ఎట్లా విసురుతారో తెలుసా?"

తెలియదు. కానీ ఆ సాయంత్రం లేహ్ ట్రాన్సిట్ క్యాంపులో కూర్చుని నోటుబుక్కు తీశాను. విమానం సామానుగా వేసిన పిట్టూకు ఎక్కడెక్కడ దెబ్బ తగులుతుందో రాసుకున్నాను. భుజం పట్టీలు రబ్బరు బెల్టు సందులో ఇరుక్కుంటాయి. నడుం పట్టీ బకిల్ ముందుంటే పగులుతుంది. వేలాడే ప్రతి తాడూ దేనికో ఒకదానికి తగులుకుంటుంది, తగులుకుంటే బెల్టు ఆగదు, తాడు తెగుతుంది. అంటించిన చీటీ ఊడిపోతుంది. పై మూత తడుస్తుంది. ఇవన్నీ సంచికి వచ్చే నష్టాలు. నా భయం ముడి గురించి.

ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాను. నడుం పట్టీని వెనక్కి తిప్పి, వీపు ఆనే వైపు కాకుండా సంచి ముందు భాగాన్ని చుట్టి బకిల్ పెట్టాను. భుజం పట్టీలను పూర్తిగా బిగించి దాని కిందికి దోపాను. ఛాతీ పట్టీ తీసి పక్క జేబులో వేశాను. మిగిలిన పట్టీ కొసలను చుట్టచుట్టి టేపు వేశాను. ముడి మీద ఒక టీ పొడి డబ్బా మూత బోర్లించాను. ఏది రాసుకున్నా మూతకు రాసుకోవాలి, ముడికి తగలకూడదు. మూత చుట్టూ టేపు నాలుగు వరసలు. టేపు తాడుకు అంటకుండా మధ్యలో గుడ్డ. మొత్తాన్ని ఒక ఖాళీ బియ్యం సంచిలో దించి, దబ్బనంతో మూతి కుట్టాను. లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. రెండింటి మీదా నా ఫోను నంబరు, వాళ్ల ఊరు.

వంటవాడు పక్క మంచం మీంచి చూస్తున్నాడు. "పెళ్లికూతుర్ని కూడా ఇంత చుట్టరు," అన్నాడు. తరువాత నాలిక కరుచుకుని, లేచి వెళ్లి, తన దగ్గరున్న టేపు చుట్ట తెచ్చి నా మోకాళ్ల మీద పెట్టాడు.

మర్నాడు ఏడు నలభైకి విమానాశ్రయం. విమానం తొమ్మిది పదికి. నా సంచి యంత్రంలోంచి నేరుగా బయటికొచ్చింది. రెండోది ఆగింది. బెల్టు వెనక్కి పోయింది, మళ్లీ ముందుకొచ్చింది. తెర ముందున్న భద్రతా హవల్దారు వేలితో పిలిచాడు.

"ఇది ఎవరిది?"

"నేనే తెచ్చాను."

"మీరే సర్దారా?"

ఈ ప్రశ్న అందరినీ అడుగుతారు. అందరూ అవునంటారు.

"కాదు."

"మరి ఎవరు?"

"సర్దినాయన లేడు."

ఆయన కళ్లు మారాయి. ఇంకో ఇద్దరు దగ్గరికొచ్చారు. సుబేదార్ సాబ్ సంతకం ఉన్న కాగితం, జాబితా చూపించాను. ఆయన రెండూ చదివాడు. తెర నా వైపు తిప్పాడు. సంచి అడుగున అరచేయంత నల్లని ముద్ద.

"పవర్ బ్యాంకు. విమానం పొట్టలో వేసే సామానులో ఇది ఉండకూడదు. మంటలు రావొచ్చు. మీ జాబితాలో ఎక్కడుంది?"

లేదు. నా జాబితాలో పద్నాలుగే ఉన్నాయి. ఇది పదిహేనోది.

"విప్పండి."

"విప్పలేను."

"అయితే ఇక్కడే వదిలి వెళ్లండి. లేకపోతే నేనే కోస్తాను." బియ్యం సంచి మూతి కుట్టు కోసేశాడు. మూత మీది టేపు లాగేశాడు. కింద ముడి కనబడింది. ఆయన చేతిలో కట్టర్. బ్లేడు రెండు గళ్లు ముందుకు తోశాడు.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. యూనిఫాంలో ఉన్న మనిషి చేయి పట్టుకోకూడదని నాకు తెలుసు. ఆయనకూ తెలుసు.

"తాడు వద్దు సాబ్. ఆయన కట్టిన ముడి అది. వాళ్ల నాయిన చూడాలి. సంచి ఎక్కడైనా కోయండి."

"ఎట్లా పోయాడు?"

"ఎత్తు వల్ల."

చేయి వదిలాను. ఆయన కట్టర్ మూసి, పిడి వైపు తిప్పి నాకిచ్చాడు. "అడుగు కుట్టు విప్పు. చెయ్యి పట్టేంత. పది నిమిషాలు."

పిట్టూను బియ్యం సంచిలోంచి తీసి తలకిందులు చేశాను. అడుగు కుట్టులో ఆరు అంగుళాలు తెంపాను. చేయి పెట్టాను. ఉన్ని బట్ట, ఏదో గట్టి అంచు, మళ్లీ ఉన్ని. నా వేళ్లకు తగిలినవన్నీ నేను రాసినవే. చివరికి అట్టపెట్టె తగిలింది. బయటికి తీశాను. కొత్తది, సీలు కూడా తీయలేదు. పెట్టె మీద పెన్నుతో రాసి ఉంది: "నాయినకు. ఎర్ర లైటు వస్తె చార్జి పెట్టాలె."

మందతో నడిచే మనిషికి కరెంటు ఎక్కడుంటుంది? అందుకని కొన్నాడు. నాకు చెప్పలేదు. చెబితే ఎగతాళి చేస్తాననుకున్నాడేమో.

హవల్దారు ఏం రాసుందని అడిగాడు. చదివి చెప్పాను. తల పక్కకు తిప్పుకున్నాడు. "దీన్ని మీ చేతి సంచిలో పెట్టుకోండి," అన్నాడు. అడుగు కుట్టు వేయడానికి నాకు దబ్బనం అందించింది ఆయనే. పంతొమ్మిది కుట్లు వేశాను. ముడి మీద మూత మళ్లీ బోర్లించాను. టేపు ఆయన చుట్టాడు. మళ్లీ బియ్యం సంచిలో దించి మూతి కుట్టాను.

విమానం ఎక్కే ముందు ఆ రోజు ఎవరి సామాను వాళ్లు చూపించాలన్నారు. చూపించనిది ఎక్కించరు. నేల మీద సంచులన్నీ వరసగా పెట్టారు. గాలి కొడుతోంది. ఒక్కొక్కరూ వెళ్లి తమ సంచి తాకి విమానం వైపు నడుస్తున్నారు. నేను నాది తాకాను. బియ్యం సంచి దగ్గరికి వెళ్లాను. లోడర్ సుద్దముక్క పట్టుకుని అడిగాడు.

"ఇది?"

"నాది," అన్నాను. ఆయన గీత గీశాడు.

ఢిల్లీలో విమానం మారాను. హైదరాబాదులో బెల్టు దగ్గర ఇరవై రెండు నిమిషాలు నిలబడ్డాను. నా సంచి మొదటి పదిలోనే వచ్చింది. తరువాత పెట్టెలు, బుట్టలు, ఒక కుక్కర్ పెట్టె. బెల్టు ఖాళీగా తిరిగింది. ఒకసారి, రెండుసార్లు. మూడో తిరుగుడులో బియ్యం సంచి వచ్చింది. ఒక పక్క నల్లటి మసి గీత, మూత ఉన్న చోట లోతుగా సొట్ట. అది ముడికి తగలాల్సిన దెబ్బ. అక్కడే బెల్టు పక్కన కూర్చుని సంచి కుట్టు, మూత టేపు విప్పి, గుడ్డ తొలగించి చూశాను. కుచ్చు, కొస, చుట్లు అన్నీ ఫొటోలో ఉన్నట్టే ఉన్నాయి. మళ్లీ మూత పెట్టి టేపు చుట్టి, సంచి కుట్టాను.

బయటికొచ్చి వాళ్ల నాయినకు ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. పిట్టూ తెచ్చానని, ముట్టినట్టు జాబితా మీద సంతకం పెట్టాలని చెప్పాను.

"కల్వకుర్తికి రాకు బిడ్డా. నేను మీ దిక్కే ఉన్న. కట్టంగూర్ దాటినంక రోడ్డు ఎడమ దిక్కు, పత్తి చేన్ల. మందను ఎవ్వరికి అప్పజెప్పొస్త?"

మర్నాడు మధ్యాహ్నం రెండుకు బస్సు దిగాను. హైవే నుంచి పావు గంట నడక. ఎండిన పత్తి కట్టెల మధ్య మంద మేస్తోంది. ఆయన గొంగడి భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పొడుగు మనిషి. మొహం చూడగానే లైన్‌మన్ ముసలివాడైతే ఎట్లుంటాడో తెలిసింది.

"నువ్వేనా రేడియో తమ్మి?"

"నేనే కాకా."

"తిన్నవా?"

"తిన్న."

తినలేదు. ముందు పెట్టె ఇచ్చాను. మీద రాసింది చదివి వినిపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"గీంట్ల కరెంటు దాసిపెడ్తరా?"

"అవును కాకా. గీ తీగ ఫోనుకు పెట్టాలె."

"ఎన్ని దినాలుంటది?"

"నాలుగు దినాలు."

"నాలుగు దినాలు," అన్నాడు. బొడ్లో దోపుకున్నాడు.

తరువాత బియ్యం సంచి కుట్టు విప్పాను. పిట్టూ బయటికి తీసి గట్టు మీద నిలబెట్టాను. టేపు ఒలిచాను. సొట్టపడ్డ మూత తీశాను. గుడ్డ తీశాను. అన్ని రోజుల్లో నాకు కాస్త ఊపిరాడింది అప్పుడే.

"ఆయన కట్టింది కట్టినట్టే ఉంది కాకా. ఎవ్వర్ని చెయ్యి పెట్టనియ్యలే."

ఆయన గొంతుకూర్చున్నాడు. చూపు మంద మీదే ఉంది. కుడి చేయి దానంతట అదే సంచి కుడివైపుకు వెళ్లింది. గాలిలో వెతికింది. ఆగింది. అప్పుడు తల తిప్పి చూశాడు.

కుచ్చు ఎడమవైపు ఉంది. కొస నాలుగు వేళ్లంతే. పట్టుకుని గుంజాడు. విడలేదు.

"గిది మావోడు కట్టింది గాదు."

"ఆయనే కట్టిండు కాకా. నా కండ్ల ముందర."

"నీ కండ్ల ముందర?"

"ఆ."

వంగి ముడిని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. బొటనవేలితో కొసను ఎండకు తిప్పాడు. నైలాన్ అక్కడ చపటగా నలిగి ఉంది. రెండు గుంటలు.

"పండ్లతోని పట్టిండు. ఎడమ చేత్తోని తిప్పిండు. కుడి చెయ్యి పట్టు లేకుండె బిడ్డా గప్పటికే. నిద్రల లేపి కట్టమన్నా మావోనికి కుచ్చు కుడిదిక్కే వడ్తది."

నా ఫోనులో ఆ ముడి ఫొటోలు నాలుగున్నాయి. నా నోటుబుక్కులో అసలు ముడి బొమ్మ ఉంది, బాణాలతో, అంకెలతో. రెండూ ఒకే జేబులో పెట్టుకుని లదాఖ్ నుంచి కట్టంగూర్ దాకా వచ్చాను. పక్కపక్కన పెట్టి చూడలేదు.

"గొర్రెకు తల తిరుగుడు రోగమొస్తే ముందుగాల కాలు తప్పుతది," అన్నాడు. గొంతులో కోపం లేదు. తనకు తెలిసిన పని చెబుతున్నాడు. "అందుకే పొద్దుగాల మంద లేషి ఎల్లేటప్పుడు ఒక్కొక్కదాని నడక జూస్తం. మీ దగ్గర జూడరా?"

"చూస్తం కాకా."

"మరి జూసిండ్రా?"

విచారణలో గానీ, సుబేదార్ సాబ్ ముందు గానీ, ఎక్కడా రాని మాట ఆ చేనులో వచ్చింది.

"చూడాల్సింది నేను. ముందుదినం తల బరువుందని కూడ చెప్పిండు. ఎవ్వరికి చెప్పలే. పొద్దుగాల నడిపియ్యలే. నడిచినట్టు రాసిన."

ఆయన లేచాడు. ఒక గొర్రె పక్క చేనులోకి పోతోంది. వెళ్లి అదిలించి మళ్లించాడు. అంత చిన్న పనికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చి పిట్టూను ఎత్తి గొంగడి మడతలో పెట్టాడు.

"ఇప్పుడు ఇప్ప. ఇంటికి వోయినంక వాళ్లమ్మ ముందట ఇప్పుత." గొంగడి అంచు దాని మీద కప్పి, "సంతకం వెట్టాలన్నవు గద, ఏడ వెట్టాలె?"

చూపించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాశాడు. నేను ఇంకేదో అనబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"పోయిరా బిడ్డా. బస్సు పోతది."

ఆ తరువాత ఏడాదిన్నరకు మోకాలి గాయంతో ఫౌజు నుంచి బయటికొచ్చాను. ఇప్పుడు నల్లగొండలో ఇన్వర్టర్లు బాగుచేస్తాను. మంచు, ఎత్తు, సెట్టులో వచ్చిన ఆ కబురు, ఇవి అప్పుడప్పుడు వస్తాయి, పోతాయి. పోనిది ఒక్కటే.

ఆ రోజు చేను గట్టు మీద నడుస్తూ హైవే వైపు వెళుతున్నాను. దున్నిన పెళ్లలు, ఎండిన పత్తి కట్టెలు, వీపున నా సంచి. యాభై అడుగులు పోయాక వెనక్కి తిరిగాను. ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. వీడ్కోలుకు చెయ్యి ఎత్తాను. ఆయన ఎత్తలేదు. నా మొహం వైపు చూడడం లేదని అప్పుడు అర్థమైంది. తల కొద్దిగా వంచి, నా పాదాలు చూస్తున్నాడు. ఒక్కో అడుగూ ఎక్కడ పడుతోందో చూస్తున్నాడు. నేను రోడ్డు ఎక్కేదాకా చూస్తూనే ఉన్నాడు.